దుంగ నుండి పలక వఱకు: తుళ్లూరు ప్రాంతపు చిన్న కోతమిల్లులు

గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో ఘనపరిమాణముల పాఠము జరుగుచుండగా, తుళ్లూరు వైపు నుండి వచ్చు విద్యార్థి యొకడు లేచి మమ్మొక ప్రశ్న యడిగెను. వాని తండ్రి పెరటిలోని వేపచెట్టును కొట్టించి, దుంగను కోతమిల్లునకు తోలించెనట. మిల్లువారు టేపు పట్టి కొలిచి 8 ఘనపుటడుగులని చెప్పి, ఆ లెక్కకే కోతకూలి పుచ్చుకొనిరి. పలకలు ఇల్లు చేరిన పిమ్మట తండ్రి వానిని మరల కొలువగా 5 ఘనపుటడుగులకు కొంచెము పైగా మాత్రమే తేలెను. "మిగిలిన కఱ్ఱ యేమైనది, మాష్టారూ? మిల్లాయన ఉంచేసుకున్నాడని మా నాయన అంటున్నాడు" అని వాడడిగెను.

తరగతి అంతయు నవ్వెను గాని మాకు నవ్వు రాలేదు. ఒక మనుష్యుని దొంగ యనుట చిన్నమాట కాదు. అందులోను ఆ మిల్లు యజమానుని కుమార్తె మన పాఠశాలలోనే ఏడవ తరగతి చదువుచున్నది. మధ్యాహ్నపు విరామము లోపలనే ఆ మాట ఆమె చెవిని పడెనని మాకు తెలిసినది. కావున మఱుసటి శనివారమున ఆఱుగురు విద్యార్థులను, ప్రశ్న వేసిన వానితో కూడ, వెంటబెట్టుకొని మేమే ఆ మిల్లునకు పోయితిమి. ఆ దినమున చూచినదియు, తరువాత పలుమాఱులు పోయి తెలిసికొన్నదియు ఇచ్చట వ్రాయుచున్నాము.

మిల్లనగానే ప్రత్తిమిల్లువలె పెద్ద గోడలు, గొట్టములు ఉండునని తలచిన పిల్లలు మొదట నిరాశపడిరి. అది నాలుగు ప్రక్కల తెఱపిగా నున్న రేకుల షెడ్డు. నడుమ ఒకదానిపై ఒకటిగా రెండు పెద్ద ఇనుప చక్రములు; క్రింది చక్రములో సగము నేలలోని గుంటలో నుండును. ఆ రెండింటిని చుట్టి మొదలు తుద లేని ఉక్కుపట్టీ యొకటి బిగించియుందురు. ఆ పట్టీ యొక యంచున పళ్లుండును. అదియే రంపము. మిల్లువారు దానిని బ్లేడనియే పిలుతురు. మోటారు తిరిగినపుడు పట్టీ యెల్లప్పుడును పైనుండి క్రిందికే దిగుచుండును. దాని ముందు చిన్న పట్టాలు, పట్టాలపై దుంగను మోయు ట్రాలీ. యజమానుడే కోతగాడు, అతడు ట్రాలీని ముందునకు త్రోయును. ఆవలి వైపున నొకడు తెగివచ్చు చెక్కను అందుకొనును. దుంగలను దొర్లించుటకు మఱి యిద్దఱు. ఇంతే మిల్లు.

ఇచ్చట ఒక భేదమును గుర్తుంచుకొనవలయును. కలప అడితి వేఱు, కోతమిల్లు వేఱు. అడితివాడు కలపను కొని అమ్మును. కోతమిల్లువాడు ఇతరుల కఱ్ఱను కూలికి కోసి యిచ్చును. బియ్యపు కొట్టునకును పిండిమరకును గల భేదమే ఇది. రెండు పనులును చేయువారు పట్టణములలో కలరు గాని, గ్రామముల నడుమ నుండు చిన్న మిల్లునకు ప్రధానమైన జీవనము కోతకూలియే. పిండిమర నుండి వచ్చిన ప్రతి ఇల్లాలును సంచిని చేతితో ఎత్తి చూచుకొన్నట్లే, కోతమిల్లు నుండి పోవు ప్రతి రైతును పలకలను లెక్కించుకొనుచునే పోవును. తన గింజలు, తన చెట్టు పరుల యంత్రములో పడినపుడు అనుమానము కలుగుట మనుష్య స్వభావము.

యంత్రము రాకమునుపు ఈ పనిని రంపపు గోతిలో చేసెడివారు. గోతిపై అడ్డముగా దుంగను ఉంచి, నల్లని దారముతో గీతకొట్టి, ఒకడు దుంగపైన, ఒకడు గోతిలో నిలిచి పొడవైన రంపమును లాగుచుండిరి. పైవాడు గీతను చూచుకొనును. క్రిందివాని కన్నులలోను నోటిలోను పొట్టు పడును. కూలి మాత్రము ఇద్దఱికి సమానమే యని మా చిన్ననాట ఒక ముదుసలి కోతగాడు చెప్పగా వింటిమి. అతడు పైవాడో క్రిందివాడో అడుగుటకు మాకు అప్పుడు తోచలేదు. ఆ కాలమున మంచి టేకు కావలెనన్నచో గోదావరిపై తెప్పలుగా కట్టి రాజమహేంద్రవరమునకు దింపిన దుంగలను తెప్పించుకొనుచుండిరి. పేదవారి ఇండ్లకు చేలగట్టు తుమ్మయు, పెరటి వేపయు, తాటిదూలములే ఆధారము.

గుండ్రని రంపమునకు ఇంగ్లండులో 1777లో శామ్యూల్ మిల్లరు అనునతడు పేటెంటు పొందెను. నేడు మనము చూచు పట్టీరంపమునకు 1808లో విలియం న్యూబెరి పొందెను. అయితే ఆనాటి ఉక్కు చక్రములపై వంగి వంగి తెగిపోవుచుండుటచే, అర్ధశతాబ్దము గడచు వఱకు అది కార్యమునకు రాలేదు. గుండ్రని రంపము దళసరిగా నుండును గనుక అది పోయిన దారిలో ఎక్కువ కఱ్ఱ పొట్టుగా మాఱును. పట్టీరంపము పలుచన, పొట్టు తక్కువ. ఈ చిన్న విషయము మా విద్యార్థి ప్రశ్నలో పెద్దదగుటను ముందు చూపుదుము.

మిల్లువాని దినము కోతతో గాక సానతో ఆరంభమగును. కొన్ని గంటల కోతకే పళ్లు మొక్కపోవును. అందుచే రెండు మూడు పట్టీలను మార్చి మార్చి వాడుదురు. పళ్లను పదును పెట్టుట యొక పని. వానిని ఒకటి కుడికి, ఒకటి యెడమకు రవంత వంచుట మఱియొక పని. ఈ వంపు లేనియెడల రంపము తాను చేసిన సందులోనే బిగిసికొని, వేడెక్కి, వంకరగా పోవును. వంపెక్కువైనచో సందు వెడల్పై కఱ్ఱ వృథా యగును. పచ్చి మామిడికి చాలిన వంపు ఎండిన తుమ్మకు తగదట. ఎంత వంపు కావలెనో యజమానుడు ఏ పుస్తకమునందును చదువలేదు. బొటనవ్రేలిని పళ్లపై నెమ్మదిగా నడిపి చెప్పును.

ఆ చేతికి రెండు వ్రేళ్లు సగము వఱకే కలవు. పిల్లలు దానినే చూచుచుండుట గమనించి అతడు చేతిని తువాలు క్రింద దాచుకొనెను. ఈ పనిలోని అపాయము రంపపు పంటిలో మాత్రమే లేదు. కఱ్ఱపొట్టు మనుష్యులలో క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చేరిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో ప్రకటించినది. ముఖ్యముగా ముక్కు లోపలి భాగములకు దానివలన కీడు. మేము చూచిన పనివారిలో ఒక్కడు మాత్రమే ముక్కునకు గుడ్డ కట్టుకొనెను. అతడును మేము వచ్చుట చూచియే కట్టుకొన్నాడని మాకు తోచినది.

ఇక మేకు సంగతి. కోతమిల్లువాడు దేనికిని ఇంతగా భయపడడు. అడవిలో పెరిగిన దుంగలో ఇనుము ఉండదు. ఇంటి ముందటి వేపలోను, దారి ప్రక్క చింతలోను తప్పక ఉండును. ఒకప్పుడు గేదెను కట్టుటకు కొట్టిన కొక్కెమో, పందిటి తీగెకు కొట్టిన మేకో, ఎన్నికల నాటి అట్టను తగిలించిన చీలయో చెట్టు లోపలికి మ్రింగుకొనును. పది పదిహేనేండ్లలో దానిపై కఱ్ఱ పెరిగి, బెరడు మూసికొని, బయటికి గుర్తే యుండదు. రంపము దానిని తాకినపుడు నిప్పురవ్వ లేచును. ఒక్క క్షణములో పళ్లు రాలును. ఒక్కొక్కప్పుడు పట్టీయే తెగి పామువలె ఎగిరిపడును. అందుచే దుంగను ట్రాలీపై ఎక్కించకముందు యజమానుడు గొడ్డలి వెన్నుతో నలుదిక్కుల తట్టి చూచును. బెరడుపై నల్లని మచ్చలను వెదకును. ఇనుము తగిలిన వేప, తుమ్మ వంటి కఱ్ఱ దాని చుట్టును నల్లబడును. తరువాత అడుగును:

"మేకులేమైనా ఉన్నాయా, బాబాయ్?"

"లేవురా అబ్బాయ్. నేను నాటిన చెట్టే, నాకు తెలియదా?"

"నువ్వు నాటావు సరే. కొట్టింది ఎవరు?"

మేము విన్న ఈ మాటలలో హాస్యమున్నది గాని, దాని వెనుక నొక కట్టుబాటు కలదు. మేకున్నదని ముందుగా చెప్పినయెడల ఆ భాగమును తప్పించి కోయుదురు, నష్టము లేదు. లేదని చెప్పి తగిలినయెడల పట్టీ మరమ్మతు ఖర్చు దుంగ యజమానునిపై పడును. ఇది కాగితముపై వ్రాసినది కాదు. తగవు వచ్చినపుడు అచ్చట తమ వంతు కొఱకు కూర్చున్న తక్కిన ఖాతాదారులే పెద్దమనుష్యులగుదురు.

ఆ ఖాతాదారు లెవరు? మా తండ్రుల కాలమున ఈ ప్రశ్నకు జవాబు సులభము. నల్లరేగడి చేలలో ప్రత్తియు మిరపయు జొన్నయు పండించు రైతునకు నాగలి, గొఱ్ఱు, గుంటక, దంతె, కాడి యన్నియు కఱ్ఱవే. బండిచక్రము వేఱుగా నొక శాస్త్రము. నడుమ కుండ, దానిలో దిగిన ఆకులు, వాని చివర వంపు తిరిగిన పూటీలు, అన్నింటిని బిగించు ఇనుపపట్టా. ఈ పనులకు నల్లతుమ్మను మించిన కఱ్ఱ ఈ సీమలో లేదు. వేసవిలో తుమ్మలు నఱికి, మిల్లులో కోయించి, వడ్రంగి యింటి ముందు ఆరబెట్టి, తొలకరి నాటికి పనిముట్లను సిద్ధము చేసికొనుచుండిరి. మన ప్రభువు నజరేతులో కాండ్లను నాగళ్లను చేసెనని రెండవ శతాబ్దపు క్రైస్తవ గ్రంథకర్త యగు జస్టిన్ మార్టిర్ వ్రాసియున్నాడు. పాలస్తీనా కొండలలో ఏ కఱ్ఱతో చేసెనో గాని, తుళ్లూరులో నైనచో తుమ్మతోనే చేసియుండునని మేము బైబిలు తరగతిలో చెప్పుచుందుము.

ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఆ పని క్రమముగా తగ్గిపోయినది. నేడు మిల్లునకు వచ్చువారిలో ఇండ్లు కట్టువారు ముందున్నారు: ద్వారబంధములు, తలుపు చట్రములు, కాంక్రీటు పోయునపుడు అడుగున పఱచు సెంట్రింగు చెక్కలు. పట్టణపు అడితిలో ఘానా, బ్రెజిలు మున్నగు దేశముల నుండి వచ్చిన టేకు దుంగలను కొని, కోతకు మాత్రము ఇచ్చటికి తెచ్చుకొను వడ్రంగులును కలరు. చింతమొద్దును మాంసపు అంగడికి గుండ్రముగా కోయించుకొనువా డొకడు ఏటేట వచ్చునట. మనకు కృష్ణ ఆవలి యొడ్డున నున్న కొండపల్లిలో బొమ్మలు చేయువారు వాడు తెల్లపొణికి మాత్రము ఈ మిల్లుల సరకు కాదు. అది చేతి ఉలికే లొంగునంత మెత్తన. సుబాబులును సరుగుడును పెంచువారు ఎక్కువగా కాగితపు మిల్లులకు తోలుదురు గనుక వారికి కోతమిల్లుతో పని స్వల్పమే.

వీరందఱికంటె మిల్లువానికి ప్రియమైన ఖాతాదారుడు తన చెట్టును తాను తెచ్చుకొన్నవాడు. ప్రియమైనవాడును అతడే, భయపెట్టువాడును అతడే. అడితిలో కొన్న దుంగకు వెల తప్ప చరిత్ర లేదు. పెరటి చెట్టునకు అట్లు గాదు. ఆ వేప క్రింద తల్లి నూలు వడకినది, పిల్లలు ఊయల లూగిరి. ఇప్పుడు అది కూతురి పెండ్లికి మంచము కావలెను, క్రొత్త యింటికి సింహద్వారము కావలెను. కోత తప్పినయెడల మరల అటువంటి దుంగ దొరకదు. "కొన్న దుంగ చెడితే డబ్బు పోతుంది, సొంత చెట్టు చెడితే మనిషి పోతాడు, మళ్లీ నా గడప తొక్కడు" అని యజమానుడు మాతో చెప్పెను.

మఱియొక ఖాతాదారుడు రాత్రివేళ వచ్చును. మన క్రైస్తవ పేటలలో ఎవరైనను ప్రభువునందు నిద్రించినపుడు పెట్టెకు పలకలు కావలెను, తెల్లవాఱునప్పటికే కావలెను. మూడేండ్ల క్రిందట మా యింటనే అట్టి యవసరము కలిగి, రాత్రి పదకొండు గంటలకు మిల్లువాని తలుపు తట్టితిమి. అతడు హిందువు. ఏమియు అడుగక చొక్కా తొడుగుకొని వచ్చి మోటారు వేసెను. పొడవెంతయని మాత్రము అడిగి, మేము చెప్పలేకపోగా, తలను వంచుకొని తానే ఒక అంచనాతో కోసెను. కూలి పగటి కూలియే పుచ్చుకొనెను. అట్టి వేళ ఉచితముగా చేయరాదనియు, ఎక్కువ పుచ్చుకొనరాదనియు తన తండ్రి చెప్పెనట. ఈ సంగతి యెఱిగిన మేము ఆ మనుష్యునిగూర్చి తరగతిలో పుట్టిన మాటను విని ఊరకుండలేకపోతిమని చదువరులు గ్రహింతురు గాక.

అయినను మంచివాడగుట లెక్కకు సమాధానము కాదు. పిల్లల ముందట లెక్కనే చేసితిమి.

ఆ దుంగ పొడవు 8 అడుగులు. నడిమి చుట్టుకొలత 48 అంగుళములు. వర్తకులు దుంగను కొలుచు పద్ధతి యిది: చుట్టుకొలతలో నాలుగవ వంతు తీసి, దానిని దానిచేతనే గుణించి, పొడవుచే మరల గుణింతురు. 48లో నాలుగవ వంతు 12 అంగుళములు, అనగా 1 అడుగు. ఒకటి యొకటిచే, మరల 8చే గుణింపగా 8 ఘనపుటడుగులు. మిల్లువాని కొలత సరియే. ఇంగ్లండులో 1736లో ఎడ్వర్డు హాపస్ అనునతడు ఈ లెక్కకు పట్టికలను ప్రచురించెను. ఆ పద్ధతి బ్రిటిషువారితో మన దేశమునకు వచ్చి అడితులలో నిలిచిపోయినది.

కాని గుండ్రని దుంగలోని నిజమైన కఱ్ఱ యెంత? వృత్త వైశాల్యపు సూత్రము ప్రకారము లెక్కించినచో 10.19 ఘనపుటడుగులు. వర్తకుని లెక్క నిజములో నూటికి డెబ్బదియెనిమిదిన్నర పాళ్లు మాత్రమే. కొలతలో తక్కువ చూపినది మిల్లువాని లాభమునకు కాదు. బెరడుకును ప్రక్క చెక్కలకును ముందుగానే విడిచిన తఱుగది. పదింటికి పైగా నున్న దుంగకు తండ్రి యెనిమిదింటి కూలియే యిచ్చెను. ఈ మాట వినగానే మా విద్యార్థి ముఖము మాఱెను. అయితే పట్టు విడువలేదు. "అయితే పోయింది ఇంకా ఎక్కువ కదా, మాష్టారూ?" అనెను. వాడు చెప్పినది న్యాయమే. 5.4 గాక తక్కినది ఎచ్చట?

గుండ్రని దానిని పలకలుగా కోయవలెనన్న ముందుగా నలుపలకలుగా చేయవలెను. 48 అంగుళముల చుట్టుకొలతగల వృత్తములో ఇమిడెడు పెద్ద చతురస్రపు భుజము 10.8 అంగుళములు మాత్రమే. 12 అంగుళముల చతురస్రము కాగితముపై వచ్చును గాని దుంగలో రాదు. కావున నలుపలకలుగా చేసిన మొద్దు 6.48 ఘనపుటడుగులు; నాలుగు ప్రక్కల అట్టచెక్కలు కలిసి సుమారు 3.7. ఇక 10.8 అంగుళముల మొద్దు నుండి అంగుళపు పలకలు ఎన్ని వచ్చును? పదియని తొందరపడి చెప్పిన పిల్లలు ఇద్దఱు. రంపము తినునది మఱచిరి. పట్టీరంపపు సందు అంగుళములో ఎనిమిదవ వంతు అనుకొందము. తొమ్మిది పలకలు, వాని నడుమ ఎనిమిది సందులు: 9 అంగుళములును 1 అంగుళమును కలిసి 10. మిగిలిన 0.8 అంగుళములలో తొమ్మిదవ సందు పోగా సుమారు 0.68 అంగుళముల పలుచని చెక్క. అది అంగుళపు పలక కాదు. తొమ్మిది పలకలు 5.4 ఘనపుటడుగులు, పొట్టు సుమారు 0.68, పలుచని చెక్క సుమారు 0.4. లెక్క ముగిసినది. పాత గుండ్రని రంపముతో, పావంగుళపు సందుతో కోసినయెడల ఎనిమిది పలకలే వచ్చునని పిల్లలే కట్టి చూపిరి. తొమ్మిదవ పలక పలుచని ఉక్కు ఇచ్చిన పలక.

"అట్టచెక్కలు మరి?" అని మేము యజమానుని అడిగితిమి. అతడు మమ్ము షెడ్డు వెనుకకు తీసికొనిపోయెను. గోడకు ఆనించి నాలుగు అట్టచెక్కలును, వానిపై పలుచని చెక్కయు ఉండెను. అన్నింటిపై సుద్దముక్కతో ఆ తండ్రి పేరు వ్రాసియుండెను. ఆటోలో చోటు లేక వదలి పోయిరనియు, మూడువారములుగా ఎవరును రాలేదనియు చెప్పెను. ఆ మిల్లులో ఆచారము ప్రకారము చెక్కలు దుంగవానివి, పొట్టు మిల్లుది. పొట్టును బస్తాలకెత్తి పొట్టుపొయ్యిలకు అమ్ముదురు. డబ్బాలో నడుమ సీసానుంచి చుట్టును పొట్టు దట్టించి, సీసాను తీసి, ఆ రంధ్రమున నిప్పు పెట్టు పొయ్యిని పెద్దలు ఎఱుగుదురు. మన వసతిగృహపు వంటశాలలో చాలకాలము అదియే మండెను.

మిల్లులన్నియు ఇట్లే యుండునని మేము చెప్పము. కొలతలో మోసము చేయగోరువానికి దారి కలదు. అది టేపులోనే యున్నది. దుంగ మొదట లావు, చివర సన్నము. నడుమ కొలువక మొదలు కొలిచి 52 అంగుళములని వ్రాసినచో, అదే దుంగ 9.39 ఘనపుటడుగులగును, కూలియు ఆ లెక్కకే పెరుగును. అందుచే తల్లిదండ్రులు టేపు ఎచ్చట పట్టుచున్నారో చూచుకొనవలెను. పలకలను ఇంట కొలుచుటకంటె అది మేలు.

ఆ లెక్క ముగిసిన పిమ్మటనే అసలు నేర్పు ఎచ్చట నున్నదో మాకు తెలిసినది. మొదటి కోత ఎచ్చట పెట్టవలెనను దానిలో నున్నది. దుంగ చివరను నీటితో కడిగి యజమానుడు చాలసేపు చూచును. లోపలి ముదురు రంగు చేవ. దానిని చుట్టియున్న లేతది తెల్లచెక్క. చేవకు చెద త్వరగా పట్టదు. తెల్లచెక్కలో పిండిపదార్థము మిగిలియుండుటచే పురుగు దానిని వెదకికొని వచ్చును. నెఱ్ఱె యే దిక్కున పోయినదో, కొమ్మ ముడి యెచ్చట లోపలికి దిగినదో చూచి, చెడ్డదంతయు ఒక్క పలకలో పడునట్లు మొదటి కోత పెట్టిన, తక్కిన పలకలు బాగుపడును. కోత ఒక చేరెడు ప్రక్కకు పోయినచో ప్రతి పలకలోను నెఱ్ఱె కొంత కొంత పంచుకొనబడును.

కోసిన తరువాతి మాటను ఖాతాదారులు వినరని అతని దుఃఖము. పచ్చి కఱ్ఱలో నీరు విస్తారము. అది ఆరునపుడు పలక కుంచించును. ఆ కుంచుటయు అన్ని దిక్కుల సమానము కాదు. చెట్టు నడిమి నుండి బెరడు వైపునకు కుంచుకొనుదానికంటె, చుట్టు దిక్కున సుమారు రెట్టింపు కుంచును. అందుచేతనే పలక దోనెవలె వంగును. నీడలో, గాలి తగులునట్లు, పలకకు పలకకు నడుమ సన్నని బద్దలనుంచి, పైన బరువు పెట్టి, చివరలకు రంగో సున్నమో పూసి కొన్ని నెలలుంచిన వంపు తక్కువగును. కాని గృహప్రవేశపు ముహూర్తము కఱ్ఱ కొఱకు ఆగదు. వానకాలమున తలుపు బిగిసినపుడు వడ్రంగిని, వడ్రంగి మిల్లువానిని, మిల్లువాడు చెట్టును నిందింతురు.

ఇంత చిన్న పనికిని చట్టము పెద్దది. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము 1967 నాటిది. కోతమిల్లుల నియంత్రణ నియమములు 1969లో వచ్చినవి. లైసెన్సు లేనిదే మిల్లు నడుపరాదు. వచ్చిన దుంగకు, పోయిన పలకకు లెక్క వ్రాయవలెను. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుముల్పాద్ వ్యాజ్యెములో సుప్రీముకోర్టు ఇచ్చిన ఉత్తరువు దేశమందలి అడవుల సంరక్షణకు మూలమైనది. అదే వ్యాజ్యెమున 2002 అక్టోబరులో, కేంద్ర సాధికార కమిటీ అనుమతి లేక ఏ రాష్ట్రమును క్రొత్త కోతమిల్లులకు తావీయరాదని ఉత్తరువైనది. 2016లో కేంద్ర ప్రభుత్వము మార్గదర్శకములను ప్రకటించి, అట్టి అనుమతుల విచారణను రాష్ట్రస్థాయి సమితులకు అప్పగించినది. చెట్టు కొట్టువానికిని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద అనుమతి కావలెను. అడవికి ఇది మేలు చేసినదనుటలో మాకు సందేహము లేదు. అయితే ఒక్క వేపదుంగ కొఱకు రైతు కార్యాలయము చుట్టు తిరుగవలసివచ్చినపుడు, అతడు చీకటివేళ దుంగను తెచ్చి "ఎవరికి తెలుస్తుంది" అనును. దానిని కోయక త్రిప్పి పంపుట బంధువును త్రిప్పి పంపుటవంటిది. లైసెన్సు పోయిన మరల దొరకుట దుర్లభమని యెఱిగినవాడు త్రిప్పియే పంపును.

తుళ్లూరు మాఱిన తీరును చదువరులు ఎఱుగుదురు. 2015లో రాజధాని కొఱకు 29 గ్రామముల రైతులు 33,000 ఎకరములకు పైగా భూమిని సమీకరణ క్రింద అప్పగించిరి. ఆ యేడు అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున శంకుస్థాపన జరిగెను. చేలు పోగా ఎడ్లు పోయెను, ఎడ్లతో బండ్లు, గట్లతో తుమ్మలు పోయెను. 2019 డిసెంబరు నుండి ఈ గ్రామములలో నడచిన దీక్షా శిబిరముల కాలమున ఎవరును ఇల్లు కట్టలేదు. మిల్లులో మోటారు వారమునకు రెండు దినములు తిరిగినను గొప్పయని యజమానుడు చెప్పెను. విడిచిన పొలములలో సర్కారు తుమ్మ అడవివలె లేచెను. 2024 ఆగస్టులో యంత్రములతో దానిని తొలగింప నారంభించిరి గాని, వంకరటింకరగా పెరుగు ఆ కఱ్ఱ బొగ్గునకే గాని పలకకు పనికిరాదు. రాజధాని పనులు మరల సాగుచుండగా సెంట్రింగు చెక్కలకు గిరాకి లేచినది. పెద్ద కట్టడములలో ఇనుప పలకలు దాని చోటును తీసికొనుచున్నవి. గ్రామకంఠములు సమీకరణలో చేరలేదు గనుక పెరటి వేపలు మాత్రము మిగిలినవి. మా విద్యార్థి తండ్రి తెచ్చిన దుంగ వానిలో నొకటి.

సోమవారమున ఆ విద్యార్థి, మేము చెప్పకయే, ఏడవ తరగతి వాకిట నిలిచి ఆ బాలికతో ఏదో మాటలాడుట దూరము నుండి చూచితిమి. ఏమి చెప్పెనో అడుగలేదు. ఆ వారముననే వాని తండ్రి ఆటో తెచ్చి అట్టచెక్కలను తీసికొనిపోయెను. యజమానుడు ఆయనకు పలకలను ఆరబెట్టు తీరు చెప్పి, మూడునెలల వఱకు ఉలి ముట్టరాదనెను. ఒక పలకను మాత్రము అప్పటికే డాబాపై ఎండలో వేసియుండిరి. అది దోనెవలె వంగిపోయెను. మిగిలిన ఎనిమిదియు ఇప్పుడు వారి క్రొత్త యింటి తలుపులలో నున్నవి.